వకాండా రాజుగారిని ప్రశ్నించకూడదా?

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు ఒక మిత్రులు, ఈ వ్యాసం రాస్తున్నానని చెబితే. లేని దేశం, లేని రాజు, ఒక అమెరికన్ కామిక్ పుస్తకం. దాని మీద అభిమానులు జుట్లు పట్టుకుంటుంటే మధ్యలో తెలుగువాడివి నీకేం పని అని ఆయన ఉద్దేశం. పని ఉంది. ఆ తగాదాలో వినిపించే మాటలన్నీ నాకు ఎక్కడో విన్నట్టే ఉన్నాయి. ఎక్కడ విన్నానో చివర చెబుతాను.

సంగతి తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. 1966లో స్టాన్ లీ, జాక్ కర్బీ అనే ఇద్దరు 'ఫెంటాస్టిక్ ఫోర్' 52వ సంచికలో బ్లాక్ పాంథర్ అనే నల్లజాతి వీరుణ్ణి ప్రవేశపెట్టారు. అతని అసలు పేరు టచల్లా. ఆఫ్రికాలో వకాండా అనే దేశానికి రాజు. వైబ్రేనియం అనే అపురూపమైన లోహం ఆ దేశపు గనుల్లో ఉంది. తెల్లవాడి ఏలుబడిలోకి ఎన్నడూ పోని దేశం, సైన్సులో ప్రపంచాన్ని మించిపోయిన దేశం. బానిసత్వంలో తాతముత్తాతల పేర్లు కూడా పోగొట్టుకున్న ఒక జాతికి ఇలాంటి దేశం ఊహల్లోనైనా ఉండటం ఎంత పెద్ద విషయమో మనం అర్థం చేసుకోవాలి.

2016 ఏప్రిల్‌లో ఈ కథ టా-నహాసి కోట్స్ చేతికి వచ్చింది. నల్లవారికి జరిగిన దోపిడీకి అమెరికా పరిహారం చెల్లించాలని 2014లో 'అట్లాంటిక్' పత్రికలో వాదించి దేశమంతటా చర్చ లేపిన రచయిత ఆయన. 2021 దాకా ఈ కథ రాశాడు. ఆయన చూపించిన వకాండా ఎలా ఉంది? మొదటి సంచికలోనే గని కార్మికులు రాజు మీద తిరగబడతారు. రాజును కాపాడే స్త్రీల దళం డోరా మిలాజే. అందులో నాయకురాలు అనెకా, ఆడవాళ్ళను చెరబట్టిన ఒక పెద్దమనిషిని చంపుతుంది. ఆమెకు మరణశిక్ష వేస్తారు. ఆమె ప్రేయసి అయో చెర విడిపిస్తే ఇద్దరూ సింహాసనానికి ఎదురు తిరుగుతారు. మరోపక్క టెటు అనే యువకుడు సాయుధ తిరుగుబాటు నడుపుతాడు. దాన్ని అణచడం ఎలాగో చెప్పమని రాజు పరాయి దేశాల నిరంకుశ ప్రభుత్వాల భద్రతాధికారులను రహస్యంగా పిలిపించుకుంటాడు. ఆ మాటలు బయటికి పొక్కుతాయి. 12 సంచికల తర్వాత రాజుగారి అధికారానికి రాజ్యాంగం హద్దు గీస్తుంది.

దీంతో అభిమానుల్లో ఒక వర్గం మండిపడింది. వారి ఆరోపణలు మూడు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: బంగారం లాంటి దేశాన్ని కోట్స్ పాడు చేశాడు. ఇది నిజం కాదు. ఆయన చేతికి వచ్చేనాటికే ఆ దేశం శిథిలంగా ఉంది. 2010లో వచ్చిన కథలో శత్రువుకి దక్కకూడదని రాజే తన వైబ్రేనియాన్ని పనికిరాకుండా చేశాడు. 2012 కథలో సముద్రపు రాజు నేమర్ ఆ దేశాన్ని వరదలో ముంచాడు. 2013లో థానోస్ సేన వచ్చి పడింది. ఇన్ని దెబ్బలు తిన్న ప్రజలు 'రాజుగారూ, మీరు మమ్మల్ని కాపాడలేదేం?' అని అడగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, అడిగితే ఆశ్చర్యమేముంది? అసలు తిరుగుబాటు అనేది కోట్స్ కొత్తగా తెచ్చిందీ కాదు. 1973లో డాన్ మెక్‌గ్రెగర్ మొదలుపెట్టిన కథలోనే, రాజు అమెరికాలో వీరకృత్యాలు చేసి తిరిగి వచ్చేసరికి సొంత గడ్డ మీద కిల్‌మాంగర్ తిరుగుబాటు రగులుతూ ఉంటుంది. ఆ కథ చివర కిల్‌మాంగర్‌ని జలపాతంలోకి తోసి రాజు ప్రాణం కాపాడింది కాంటూ అనే చిన్న పిల్లవాడు. వకాండాలో మామూలు మనుషులు ఆనాటి నుంచే ఉన్నారు. వాళ్ళను చూడనిది మనమే.

రెండోది: రాజును బలహీనుణ్ణి చేశాడు. 1998 నుంచి క్రిస్టఫర్ ప్రీస్ట్ రాసిన టచల్లా అందరికన్నా పది ఎత్తులు ముందుండే చతురుడు. 2005లో రెజినాల్డ్ హడ్లిన్ రాసిన టచల్లా ఎవరికీ తల వంచనివాడు. కోట్స్ టచల్లా మాత్రం సందేహిస్తాడు, కుమిలిపోతాడు, తప్పులు చేస్తాడు. నిజమే. నాకు అతను ఇక్కడే మనిషిగా కనిపించాడు. కోట్స్ వేసుకున్న ప్రశ్న చాలా సూటిది: ఇంత చదువుకున్న, ఇంత ముందుకు పోయిన సమాజం ఒక వంశం తమను ఏలడాన్ని ఎందుకు ఒప్పుకుంటుంది? ఈ ప్రశ్న నచ్చనివారు 2018లో వచ్చిన సినిమాను మరోసారి చూడండి. నేనూ చప్పట్లు కొట్టిన సినిమాయే. కానీ అందులో జరిగిందేమిటి? నిన్న వచ్చిన మనిషి ఇవాళ కుస్తీలో నెగ్గితే, ప్రపంచాన్ని తగలబెట్టగల ఆయుధాలన్నీ అతని చేతికి పోతాయి. సేనాని ఒకోయె అంతటి వివేకవంతురాలు కూడా, ఎవరు కూర్చున్నా సింహాసనానికే తన విధేయత అంటుంది. ప్రజలను ఎవరూ ఒక్క మాట అడగరు. కోట్స్ రెండేళ్ళ ముందు పెట్టిన వేలు సరిగ్గా ఈ పుండు మీదే.

మూడోది బరువైన ఆరోపణ. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆఫ్రికా అనగానే యుద్ధం, ఆకలి, చెరబడ్డ ఆడవాళ్ళు, ఇవే పాశ్చాత్య పత్రికలు చూపిస్తాయి. ఊహల్లో ఒక్క దేశం మిగిలితే దాంట్లో కూడా ఇవే పెట్టాలా? ఈ మాట అన్నవాళ్ళ బాధ నిజమైనది. అయితే ఆ పాత బొమ్మలో అసలు అవమానం ఎక్కడుంది? ఆఫ్రికాలో తెగలూ నియంతలూ తప్ప రాజకీయం ఉండదనడంలో ఉంది. అక్కడివాళ్ళు చస్తారు, చంపుతారు, ఆలోచించరు అనడంలో ఉంది. కోట్స్ వకాండాలో తిరగబడ్డవాళ్ళు ఆలోచిస్తారు. చంగమిరే అనే పంతులుగారు సింహాసనం ఏ హక్కుతో నిలబడిందో తన విద్యార్థులకు బోధిస్తాడు. అతని శిష్యుడే టెటు. హింసతో వచ్చే న్యాయం న్యాయమేనా అని గురుశిష్యులు తగువులాడతారు. ఇంతటి గౌరవం ఆ దేశ ప్రజలకు ఇంతకు ముందు దక్కలేదు.

ఊహల సంగతి వదిలి నిజంలోకి వద్దాం. ఆఫ్రికాలో నిజంగానే ఒక వకాండా ఉండేది. దాని పేరు ఇథియోపియా. 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని చిత్తు చేసింది. 1935లో ముస్సోలినీ దండెత్తినప్పుడు అమెరికాలోని నల్లవాళ్ళు ఊరేగింపులు తీశారు, చందాలు పోగు చేశారు. హైలే సెలాసీ చక్రవర్తి వాళ్ళకు సూర్యుడు. ఆ రోజుల్లోనే, నల్లజాతి ఆత్మగౌరవానికి మారుపేరైన మార్కస్ గార్వీ, తన ప్రజలకు చదువు చెప్పించని, దేశాన్ని సిద్ధం చేయని రాజు అంటూ ఆ చక్రవర్తిని దుయ్యబట్టాడు. గార్వీ మీద సొంతవాళ్ళే విరుచుకుపడ్డారు. తర్వాతేమైంది? 1960లలో ఆదిస్ అబాబా విద్యార్థులు దున్నేవాడికే భూమి అని వీధుల్లోకి వచ్చారు. 1973 నాటికి వొల్లో ప్రాంతంలో జనం కరువుతో వేల సంఖ్యలో చచ్చిపోతుంటే రాజ్యం దాచిపెట్టింది. 1974లో చక్రవర్తి పడిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన సైనిక ముఠా మరింత నెత్తురు పారించింది. పరువు పేరుతో ప్రశ్నను ఆపితే కరువు ఆగలేదు. రాజ్యాంగంతో జరగవలసిన పని తుపాకీతో జరిగింది, అంతే తేడా.

కోట్స్‌తో నాకూ పేచీ ఉంది, అది అభిమానుల పేచీ కాదు. టెటు ప్రశ్న న్యాయమైనదని మనం అనుకునేలోపే అతని చేత ఆత్మాహుతి దాడులు చేయించి దుర్మార్గుణ్ణి చేసేస్తాడు. అప్పుడు రాజుగారి సంస్కరణే వివేకంగా కనిపిస్తుంది. కడుపు మండిన గని కార్మికుడికి ఇల్లు ఎలా ఉంటుంది, కూలి ఎంత, పిల్లలు ఎక్కడ చదువుతారు? మనకు తెలియదు. రాజ్యాంగం కొద్ది పేజీల్లో వచ్చేస్తుంది, రాజుగారు రాజుగారిగానే మిగులుతారు. నేనైతే కోట్స్ ఎక్కువ ప్రశ్నించాడని అనను, తక్కువ ప్రశ్నించాడంటాను. 2018లో మొదలైన రెండో భాగంలో మాత్రం ఆయన ఆ బాకీ కొంత తీర్చాడు. అంతరిక్షంలో వకాండా పేరుతోనే వెలసిన సామ్రాజ్యం మనుషుల జ్ఞాపకాలు చెరిపేసి, పేర్లు తీసేసి, గనుల్లో బానిసలుగా పని చేయిస్తుంది. బానిసల మనవడు రాసిన ఈ కథకు అర్థం ఒక్కటే: గెలిచినవాడి చర్మం మన చర్మం రంగులోనే ఉన్నా, గనిలో ఉన్నవాడి గొలుసు గొలుసే.

ఇక ఈ మాటలు నేను ఎక్కడ విన్నానో చెబుతానన్నాను. మన మధ్యే విన్నాను. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా వేసిన నిజాం గారి రాజ్యంలో సొంత నాణెం ఉంది, సొంత రైలు ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. తెల్లవాడి నీడలోనే అయినా వైభవానికి లోటు లేదు. ఆ రాజ్యంలోనే గడీల ముందు జనం వెట్టి చేశారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలవవలసి వచ్చింది. ఆనాటి వైభవాన్ని తలుచుకునేటప్పుడు ఐలమ్మ పేరు ఎత్తితే ఇప్పటికీ కొందరి మొహాలు ముడుచుకుంటాయి. ఊళ్ళో రెండు గ్లాసుల సంగతో, రైతు ఆత్మహత్యల సంగతో ఇక్కడి సభలో ఎవరైనా ఎత్తితే, "పరాయివాళ్ళ ముందు ఇవన్నీ ఎందుకండీ?" అనే పెద్దమనిషి ఒకరు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వకాండా అభిమాని కోట్స్‌ని అడిగింది కూడా అదే. దూరాన ఉన్నవాడికి దేశం తల మీద కిరీటంలా కనిపిస్తుంది. అక్కడ బతికేవాడికి దేశమంటే కూలి, కోర్టు, పోలీసు, ఆస్పత్రి.

ఇంటి గుట్టు లంకకు చేటు అని మన సామెత. దాన్ని విభీషణుడి మీద నింద వేయడానికే వాడుతుంటాం. కానీ విభీషణుడు సముద్రం దాటకముందు చెప్పవలసిందంతా సొంత అన్నకే, నిండు సభలోనే చెప్పాడు. అక్కడ విని ఉంటే గుట్టు బయటికి వెళ్ళే పనే ఉండేది కాదు. బంగారు లంక కాలిందీ, కూలిందీ వినని రాజు వల్ల. కోట్స్ రాసింది వకాండా సభలో లేచి నిలబడ్డవాడి మాట. అది ద్రోహమని ఎవరైనా అంటే, వాళ్ళు ఆ దేశాన్ని ప్రేమించడం లేదు, దాని రాజభవనాన్ని ప్రేమిస్తున్నారు. మనమూ మన ఊరి విషయంలో ఈ రెంటిలో దేన్ని ప్రేమిస్తున్నామో ఒకసారి తేల్చుకోవడం మంచిది.