లాఠీ, కలం ఒకే చేతిలో

మహానగరపు పోలీసు వ్యవస్థను విమర్శించబోతే, "శ్రీకాకుళం వాడికి హైదరాబాదు కమిషనరుతో ఏం పని?" అనే మిత్రులున్నారు. పని ఉంది. ఆ నగరంలో మేడలు కడుతున్న కూలీల్లో మా రెండు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. పైగా ఆ వ్యవస్థ ఆ నగరంలోనే ఆగలేదు.

ముందు తేడా చూద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పోలీసులకు అధిపతి ఎస్పీ. జనం గుమికూడరాదని నిషేధాజ్ఞ విధించడానికి ఆయన సంతకం చాలదు. కలెక్టరో, ఆర్డీవోనో, తహసిల్దారో చేయాలి. మనం 144వ సెక్షనని పిలుచుకున్నది ఇదే. 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో 163. హైదరాబాదులోనూ, 1983 నుంచి విశాఖపట్నంలోనూ ఆ సంతకం పోలీసు కమిషనరుదే. ఆజ్ఞ ఆయనది, అమలుపరచే బలగమూ ఆయనదే.

మహానగరంలో అల్లరి రేగితే కాగితాలు పట్టుకొని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే వ్యవధి ఉండదంటారు. సరే. మరి సిద్దిపేటకో? 2016 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం సిద్దిపేట, రామగుండం వంటి చోట్ల కూడా కమిషనరేట్లు నెలకొల్పింది. వాటి పరిధిలో పల్లెలూ పొలాలూ ఉన్నాయి. తొందర మహానగరానిది, అధికారం మాత్రం ఊరూరికీ!

2018 జూలైలో హైదరాబాదు పోలీసులు మొదట కత్తి మహేశ్‌ను, ఆ వెంటనే పరిపూర్ణానంద స్వామిని ఆరేసి నెలలు నగరం విడిచి పొమ్మన్నారు. ఇద్దరి మాటలతోనూ నాకు పొత్తు కుదరదు. పొమ్మన్నది న్యాయస్థానం కాదన్నదే నా అభ్యంతరం. స్వామిపై ఉత్తర్వును మరుసటి నెలలో హైకోర్టు నిలిపివేసింది. పేరున్నవాడు హైకోర్టు మెట్లెక్కగలడు. పలాసలో రైలెక్కి వచ్చిన కూలి ఎవరి మెట్లెక్కాలి?

"మీ జిల్లాలో కలెక్టరుండీ ఏం ఒరిగింది? 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర, థర్మల్ విద్యుత్కేంద్రాలను ఎదిరించిన జనంపై తూటాలు పేలలేదా?" అని అడగవచ్చు. పేలాయి, ప్రాణాలూ పోయాయి. అయితే మాత్రం? దడికి కంతలు పడ్డాయని దడినే పీకేస్తామా, కంతలు పూడుస్తామా?

పూడ్చే దారి సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో చూపింది. దర్యాప్తును శాంతిభద్రతల పనినుంచి విడదీయమంది. పోలీసులపై ఫిర్యాదులు వినే సంస్థలు జిల్లాల్లోనూ ఉండాలంది. కమిషనరేట్లు పెట్టడంలో ఉన్న చురుకు ఏలినవారికి ఆ తీర్పు విషయంలో కనబడలేదు.

భోగాపురం విమానాశ్రయంతో విశాఖ నగరం విజయనగరం గుమ్మందాకా పాకుతోంది. రేపెవరైనా "మీకూ కమిషనరేటు ఇస్తాం" అని హోదాలా చూపిస్తే, చప్పట్లు కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ కమిషనరు మీద ఫిర్యాదు ఎవరికివ్వాలి? "ఆయనకే" అన్నది జవాబైతే, ఆ హోదా మాకు వద్దు.