మళ్లీ వస్తాడా అని కాదు, మన బాకీ ఎంత అని అడుగుదాం



జనగామ మార్కెట్‌ కాడైనా, మానుకోట యార్డు గేటు ముందైనా, భూపాలపల్లి బస్టాండు పక్క చాయ్‌ హోటల్లోనైనా ఈ మధ్య ఒకటే ముచ్చట. రేవంత్‌ రెడ్డి మళ్లీ వస్తడా, కేసీఆర్‌ లేస్తడా? ఎన్నికలు 2028 చివర్లో. మొన్న వానాకాలం యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టి, ఆ చెప్పుల పక్కన కూర్చొని కూడా మనవాళ్లు ఇదే పంచాయితీ పెట్టుకున్నరు. బస్తా దొరికిందా లేదా అన్నది తర్వాత సంగతి అయిపోయింది.

నాకు దీని మీద కోపం ఉంది. గెలుపోటముల జోస్యం చెప్పడానికి హైదరాబాద్‌లో టీవీలున్నాయి, సర్వేల కంపెనీలున్నాయి. వాళ్లకు అది గిరాకీ. మనకు ఏం గిట్టింది?

సరే, గద్దె మీద ఉన్నవాడు మళ్లీ గెలవడం గురించే మాట్లాడదాం. 2018 మేలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4 వేలు. ఆ డిసెంబరులో టీఆర్‌ఎస్‌కు 88 సీట్లొచ్చాయి. తర్వాత పైసలు 5 వేలకు పెరిగాయి. 2023లో అదే నాయకుడు, అదే పథకం, 39 సీట్లు. మేడిగడ్డ మన భూపాలపల్లి జిల్లాలోనే కుంగింది, నిజమే. కానీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబరులో. రైతు మనసు అంతకన్నా చాలా ముందే కుంగింది. 2018లో చెప్పిన లక్ష రుణమాఫీ 2023 ఆగస్టు దాకా సాగదీశారు. ఈలోపు వడ్డీ ఎవరు కట్టారు? ధరణిలో పేరు తప్పు పడితే దిద్దేవాడు లేడు. వంద ఎకరాల ఆసామికి రైతుబంధు పడింది, అదే భూమిని కౌలుకు దున్నినవాడికి రూపాయి పడలేదు. వడ్ల కాంటా కాడ తరుగు సంగతి వేరే చెప్పాలా! మా దిక్కు ఒక కొనుగోలు కేంద్రంలో నలభై కిలోల బస్తాకు కిలోన్నర మీదనే ఎక్కువ జోకారు. అడిగితే ‘మిల్లరు దించుకోడు’ అన్నారు. ఇంటికొచ్చి లెక్క కడితే నూరు బస్తాల కాడ ఒకటిన్నర క్వింటాళ్లకు పైనే పోయినయి.

పాలకుర్తి చూడండి. ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, పంచాయతీరాజ్‌ మంత్రిగా ఉన్న ఎర్రబెల్లి దయాకర్‌ రావును 26 ఏళ్ల కొత్త మనిషి ఓడించింది. అక్కడ ఏ సర్వే కంపెనీ ఓట్లు వేయలేదు.

అయితే ఓడించడంతోనే పని అయిపోతుందా? డోర్నకల్‌లో 2014లో కాంగ్రెస్‌ గుర్తు మీద గెలిచిన రెడ్యానాయక్‌ టీఆర్‌ఎస్‌లోకి పోయారు. భూపాలపల్లిలో 2018లో కాంగ్రెస్‌ నుంచి గెలిచిన గండ్ర వెంకటరమణారెడ్డి మరుసటి ఏడాదే అదే బాట పట్టారు. 2023లో స్టేషన్‌ ఘన్‌పూర్‌లో బీఆర్‌ఎస్‌ నుంచి గెలిచిన కడియం శ్రీహరి నాలుగు నెలలు తిరగకముందే కాంగ్రెస్‌లో చేరారు. మనం చాయ్‌ హోటల్లో ఒకరి తరఫున గల్లా పట్టుకుంటాం. వాళ్లు ఒకే కారులో దిగుతారు.

ఇక ఇప్పటి బాకీ. 2022 మే 6న హనుమకొండలో రాహుల్‌ గాంధీ సాక్షిగా వరంగల్‌ డిక్లరేషన్‌ చదివారు. ఎకరానికి ఏడాదికి 15 వేలు, కౌలు రైతుకు కూడా. అంటే పంటకు 7,500. 2023-24 యాసంగి నుంచి 2025 వానాకాలం దాకా నాలుగు పంటలు, ఎకరానికి 30 వేలు రావాలి. వచ్చింది ఎంత? మొదటి యాసంగికి పాత లెక్కన 5 వేలు. 2024 వానాకాలానికి సున్నా. తర్వాత రెండుసార్లు 6 వేలు. మొత్తం 17 వేలు. బాకీ 13 వేలు. మూడెకరాల రైతుకు 39 వేలు. కౌలు రైతుకైతే మొత్తం బాకీయే. రుణమాఫీ 20 వేల కోట్లకు పైగా చేశారు, దాన్ని కాదనను, చిన్న మొత్తం కాదు. కానీ రెండు లక్షలు దాటినవాళ్ల గోస ఎవరికి చెప్పుకోవాలి? 500 బోనస్‌ వడ్లన్నింటికీ అనుకున్నాం, ఇస్తున్నది సన్నాలకే. మిర్చికి క్వింటాల్‌కు 15 వేలు అని కూడా ఆ కాగితంలోనే ఉంది. 2025లో ఏ ధరకు అమ్ముకున్నారో మానుకోట మిర్చి రైతును అడగండి.

ఢిల్లీవాళ్లకు వేరే న్యాయం లేదు. 2025 ఆగస్టులో, మన పత్తి పూతకొచ్చిన యాళ్ల, విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు దాకా పొడిగించారు. సరిగ్గా మనం ఏరి అమ్ముకునే నెలలు! మోదీ మళ్లీ వస్తాడా అని అడిగే ముందు ఇది అడగాలి.

2019లో నిజామాబాద్‌ పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. ఈవీఎంలే చాలక అన్నీ జోడించాల్సి వచ్చింది. ఒక్కరూ గెలవలేదు. కానీ ముఖ్యమంత్రి కూతురే అక్కడ ఓడిపోయింది, పసుపు బోర్డు మాట దేశమంతా పాకింది. 2025 జనవరిలో బోర్డు తెరిచారు. మద్దతు ధర ఇంకా రాలేదు, కాబట్టి అక్కడి రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన నాడు కూడా దొర గెలుస్తాడా సంఘం గెలుస్తుందా అని ఎవరూ పందెం కాయలేదు.

మూడు జిల్లాల గ్రామ కమిటీలకు చెప్పేదేమంటే, ఒక నోటుబుక్కు తీయండి. ఇంటింటికీ తిరిగి రైతు భరోసా బాకీ, మాఫీ కాని అప్పు, కాంటా కాడ పోయిన తరుగు రాయండి. కౌలు రైతుల పేర్లు వేరే రాయండి, భూమి ఆసామి ఒప్పుకోకపోయినా రాయండి. సాగుదారులకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011 చట్టమే చెబుతుంది. ఆ కార్డు కోసం ఒక్కొక్కరి పేరు మీద దరఖాస్తు రాసి తహసీల్దారుకు ఇచ్చి, రశీదు తీసుకోండి. ఎమ్మెల్యే ఊరికొస్తే, ఏ పార్టీ అయినా సరే, దండ వేసేముందు ఆ నోటుబుక్కు చేతికివ్వండి. నకలు ఒకటి సంఘం ఆఫీసుకు పంపితే వచ్చే సంచికలో ఊరివారీ లెక్క అచ్చేస్తాం.