రోబోకు యాప్ ఎందుకు, బ్రౌజర్ ఉండగా?

సైన్స్ ఫెయిర్ కోసం మన హాస్టల్ తమ్ముళ్లు ప్రయోగంగా చేసే రోబోను దేనితో నడపాలి? దానికోసం ఒక యాప్ తయారుచేయాలా, ఏ ఫోన్లోనైనా ఉండే బ్రౌజర్ సరిపోతుందా? పూర్వ విద్యార్థులుగా మేము బ్రౌజర్ వైపే ఉన్నాము.

యాప్ ఎక్కించిన ఫోన్ ఎవరిదైతే రోబో కూడా వాళ్లదే అయిపోతుంది. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూడాల్సిందే. గదికి ఒక ఫోన్ కూడా లేని చోట ఇది న్యాయమేనా? అదే ఈఎస్‌పీ32 లాంటి చిన్న బోర్డు పెడితే, ఆ బోర్డే వైఫై ఇస్తుంది, తనలో దాచుకున్న పేజీని చూపిస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు. వార్డెన్ గారి ఫోనైనా సరే, వైఫై ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా సరే. బటన్ల మీద "ముందుకు", "ఆగు" అని తెలుగులోనే రాసుకోవచ్చు. (ఒక చిక్కుంది. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదంటూ కొన్ని ఫోన్లు మొబైల్ డేటాకు మారిపోతాయి. డేటా ఆపేస్తే సరి.)

ఇదేమీ నిన్నటి ఆలోచన కాదు. 1994లోనే అమెరికాలో కెన్ గోల్డ్‌బర్గ్ బృందం, ఆస్ట్రేలియాలో కెన్ టేలర్ రోబో చేతులను వెబ్ ద్వారా నడిపించారు. 1995లో మొదలైన టెలిగార్డెన్‌లో ఎక్కడెక్కడివాళ్లో బ్రౌజర్లో నొక్కి మొక్కలకు నీళ్లు పోశారు. అప్పట్లో నొక్కిన ప్రతిసారీ కొత్తగా కబురు పంపి జవాబు కోసం కాచుకోవాలి. 2011లో ప్రమాణంగా వచ్చిన వెబ్‌సాకెట్‌తో ఒకసారి కలిపిన లైను తెరిచే ఉంటుంది, ఆజ్ఞ వెంటనే చేరుతుంది.

ఫోన్‌ను అటూ ఇటూ వంచి నడపాలంటే మాత్రం యాప్‌దే పైచేయి. ఇలాంటి మామూలు పేజీకి ఆ సెన్సర్లను చాలా బ్రౌజర్లు అందనివ్వవు.

అసలు జాగ్రత్త వేరే ఉంది. "ఆగు" బటన్‌ను నమ్ముకోవద్దు. "ముందుకు" నొక్కాక ఫోన్ తెర ఆరిపోతే రోబో గోడను గుద్దేదాకా పోతుంది. అందుకని పేజీ సెకనుకు ఐదుసార్లు కబురు పంపాలి. అరసెకను కబురు రాకపోతే బోర్డు తనంతట తానే మోటార్లు ఆపేయాలి. బ్యాటరీకి చేతికందే స్విచ్ ఎలాగూ ఉండాలి.

ఇక ఇద్దరు ఒకేసారి నొక్కితే ఎవరి మాట వినాలి? మనిషికి రెండు నిమిషాల వంతు పెట్టి, ఆ లెక్కను బోర్డు ప్రోగ్రాంలోనే రాయండి. మొదటి వంతు అయిదో తరగతి తమ్ముళ్లకు ఇవ్వండి.