మెడ వెల యెంత?

మోటారు పందెములాడు ఔత్సాహికుల నడుమ నొక వాదము చిరకాలముగా జరుగుచున్నది. చోదకుని తలను, మెడను కాపాడు హాన్స్ మొదలగు కంఠరక్షక సాధనములు మిక్కిలి వెలగలవనియు, అవి పందెములే వృత్తిగా గలవారికి తగునుగాని సెలవుదినములందు వినోదార్థము కారు తోలువారి కక్కరలేదనియు, వానిని నియమముగా విధింపక యెవరి యిష్టమునకు వారిని విడువవలయుననియు కొందరు పలుకుచున్నారు. అమెరికాలోని పలు చిన్న పందెపుబాటలలో నేటికిని ఈ వాదమే చెల్లుచున్నది. వినుట కిది యింపుగా నుండును. స్వేచ్ఛ యను మాట యెవరికి ప్రియము గాదు? బీదవానిపై జాలి యెవరికి మెచ్చుగాదు? కాని విచారించి చూచినచో నిది స్వేచ్ఛయు గాదు, జాలియు గాదు.

ముందుగా నీ సాధనము చేయు పని యేమో తెలిసికొందము. కారు గోడను ఢీకొన్నప్పుడు చోదకుని మొండెమును పట్టీలు ఆసనమునకు బిగించి పట్టుకొనును. తలను పట్టుకొనునది మెడ యొక్కటియే. తలయు, దానిమీది హెల్మెట్టును గలిసి యించుమించు 6 కిలోల తూకముండును. భూమ్యాకర్షణకు 50 రెట్ల బలముతో కారు ఆగినచో, ఆ క్షణమున నా తల 300 కిలోల బరువువలె మెడను ముందునకు లాగును. అంతట కపాలముయొక్క అడుగుభాగము, వెన్నెముకతో గలియుచోట, పగులును. పైకి పెద్దగాయము కానరాకయే ప్రాణము పోవచ్చును. హాన్స్ అనునది భుజములపై, పట్టీల క్రింద నిలుచు గట్టి కాలరు. దానినుండి రెండు బద్దీలు హెల్మెట్టునకు తగిలింపబడి యుండును. తలను లాగు బలమును మెడపై బడనీయక భుజములకును పట్టీలకును మరల్చుటయే దాని పని. ఇందు విద్యుత్తు లేదు, మరలు లేవు, మాయ లేదు.

ఇది నిన్న మొన్నటి వింతయు గాదు. 1981లో ప్యాట్రిక్ జాక్‌మార్ అను ఫ్రెంచి చోదకుడు అమెరికాలోని మిడ్-ఒహాయో బాటపై ఇట్టి గాయముచేతనే మరణించెను. ఆ మరణమునకు కలతజెందిన జిమ్ డౌనింగ్ అను చోదకుడును, ఆయన బావయు మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయాచార్యుడునగు రాబర్ట్ హబ్బర్డును గలిసి ఈ సాధనమును నిర్మించిరి. అటుపిమ్మట చాలకాలము దీనిని కొన్నవారు కొలదిమంది. బరువనిరి, ఉక్కిరిబిక్కిరి యనిరి, తల తిరుగదనిరి. 2000వ సంవత్సరము మే నెలలో ఆడమ్ పెట్టీయు, జూలైలో కెన్నీ ఇర్విన్‌యు న్యూహాంప్‌షైరునందలి యొకే బాటపై మరణించిరి. అక్టోబరులో టెక్సాసున టోనీ రోపర్ మరణించెను. 2001 ఫిబ్రవరి 18వ తేదీన ఏడుమార్లు విజేతయై నిలిచిన డేల్ ఎర్న్‌హార్డ్ డేటోనా పందెపు చివరి చుట్టులో గోడను ఢీకొని అసువులు బాసెను. ఆయన యీ సాధనమును ధరింప నిరాకరించినవాడు. అప్పటికిని నాస్కార్ అధికారులకు నియమము చేయ మనసు రాలేదు. ఆ యక్టోబరులో బ్లెయిజ్ అలెగ్జాండర్ అను యువకుడు షార్లెట్ బాటపై మరణించిన పిమ్మటనే విధించిరి. ఫార్ములా వన్ పందెములలో 2003 నుండి యిది తప్పనిసరి యయ్యెను. 2001 ఫిబ్రవరి పిమ్మట నాస్కార్ అగ్రశ్రేణి పందెములలో నొక్క చోదకుడును మృతినొందలేదు. ఈ కీర్తినంతయు హాన్స్‌కే కట్టబెట్టుట న్యాయము గాదు. మెత్తని గోడలకును, మేలైన ఆసనములకును ఇందు పాలు గలదు. అయినను ఆ పాలు పంచుకొనువారిలో దీనిని తీసివేయ సాహసించు ఇంజనీరెవ్వడును లేడు.

ఇక పూర్వపక్షములను విచారింతము. ఔత్సాహికుల వేగము తక్కువగదా యనునది మొదటిది. గంటకు 100 కిలోమీటర్ల వేగమున బోవు కారు ముప్పాతిక మీటరు దూరములో నాగినచో చోదకునిపై బడు బలము సగటున భూమ్యాకర్షణకు 50 రెట్లు దాటును. 100 కిలోమీటర్ల వేగము నేడు రాచబాటపై కుటుంబములతో బోవు కార్లకే గలదు! గోడ యెవ్వరిని నీవు వృత్తికాడవా, వినోదివా యని యడుగదు. పైగా ఔత్సాహికుని కారు పాతది, బాట చిన్నది, వైద్యుని సాయము తఱచు దూరము. రక్షణ మిక్కిలి కావలసినవాడు ఆతడే.

మరియొక మాట. ఆరు కొసల పట్టీలను కొని, కంఠరక్షకమును మానుకొనువారు పలువురు గలరు. పట్టీ లెంత గట్టివైన మొండెమంత కదలక నిలుచును, మెడపై నంత లాగుడు బడును. కావున వీరు సగము రక్షణను గాదు, అధికాపాయమును కొనుచున్నారు. మెడచుట్టు నురుగుదిండు ధరించి తృప్తిజెందుట యంతకన్న వెఱ్ఱి. అది తలను ముందునకు పోకుండ పట్టియుంచలేదు.

నా మెడ, నా యిష్టము. అపాయమునకు సమ్మతించి సంతకము చేసితిని గదా యనునది రెండవది. న్యాయవాదవృత్తియందున్నవాడను గనుక ఆ సంతకము విలువ నాకు దెలియును. తెలిసి సమ్మతించినవానికి నష్టపరిహారము లేదను సూత్రము దావాను కొట్టివేయించగలదు గాని, చచ్చినవానిని బ్రతికించజాలదు. ఆ పత్రముపై భార్య చేవ్రాలు లేదు, బిడ్డల చేవ్రాలు లేదు, నలిగిన కారునుండి శవమును వెలికిదీయు స్వచ్ఛందసేవకుని చేవ్రాలును లేదు. అదియునుగాక, ఈ స్వేచ్ఛావాదులే హెల్మెట్టును, ఇనుపపంజరమును, నిప్పంటని దుస్తులను విధించినప్పుడు నోరెత్తకుండిరి. సూత్రమును వా రదివరకే యంగీకరించిరి. మిగిలిన తగవు వెలను గూర్చినదే.

ఆ వెల యెంత? తొలినాళ్లలో వేయి డాలర్లకు మించియుండినమాట నిజము. నేడు ప్రమాణముద్ర గలిగిన సామాన్యపు రకము కొన్ని వందల డాలర్లకు దొరకును. అది కారునకు వేయు క్రొత్త పందెపు టైర్ల వెలకు మించదు. టైర్లు కొన్ని పందెములకే యరిగిపోవును. ఈ సాధనము బద్దీలను గడువు ప్రకారము మార్చి, పరీక్షింపించుచు వచ్చినచో ఏండ్లతరబడి నిలుచును. అర సెకను తగ్గుటకై టైర్లు కొనువాడు మెడను గూర్చి బీదరికము పలుకుట వింతగా నున్నది!

నిజముగా బీదవాడైనవాని మాట వేరు. వానికి జవాబీయవలసినది క్లబ్బులు. బీదవానికి చావుటకు స్వేచ్ఛ నిచ్చుట సాయము గాదు. ప్రతి క్లబ్బును కొన్ని సాధనములను కొని యుంచి, ప్రవేశరుసుముతో స్వల్పమగు అద్దెకు ఈయవచ్చును. అమెరికాలో ఔత్సాహికుల పెద్ద సంస్థయగు స్పోర్ట్స్ కార్ క్లబ్ 2012 నుండి దీనిని విధించెను. సంస్థ కూలలేదు, పందెములు నిలువలేదు.

మన తెలుగువారికిని ఇది దూరపుమాట గాదు. 2022 డిసెంబరునందును 2023 ఫిబ్రవరియందును హైదరాబాదున హుస్సేన్‌సాగరతీరమున కార్ల పందెములు జరుగగా వేలకొలది యువకులు చూచి యుత్సహించిరి. చూచినవారిలో కొందరు రేపు తోలువారగుదురు. చెన్నపురికో కోయంబత్తూరుకో నేర్వబోవు కుమారునకు కారు కొనియిచ్చు తండ్రి, దానితోపాటు దీనినిగూడ కొనియీయవలయును. విదేశమునుండి వచ్చు రక్షణసాధనములపై సుంకమును తగ్గింపవలసినదని ప్రభుత్వము నడుగుట న్యాయము. ఆ తగ్గింపు వచ్చువరకు ఊరకుండుట న్యాయము గాదు.

కావున పందెములు నడుపు క్లబ్బులన్నియు మూడు పనులు చేయవలయును: ముద్రగల సాధనము లేనివానిని బాటపైకి పోనీయరాదు, లేనివానికి అద్దెకీయవలయును, పట్టీలు, హెల్మెట్టు, ఆసనము దానికి సరిపడినవో లేవో ప్రతి పందెమునకు ముందు పరీక్షింపవలయును. అగ్రశ్రేణివారు ఈ పాఠమును మృతులను లెక్కించుకొని నేర్చిరి. వినోదమున కాడువారు మరల నా రుసుమునే చెల్లింపనక్కరలేదు.