పురసభ తీర్మానములు పఠనమందిరమునకు రావలయును

2019 సెప్టెంబరు మాసమున నల్లమల కొండలపై గురిసిన కుంభవృష్టికి మహానంది ఆలయ ప్రాంగణములోనికే వరదనీరు ప్రవేశించినది. ఆ వానలకే నంద్యాలలో మద్దిలేరు, చామకాలువ, కుందూ ఒడ్డుల నున్న పేటలు భయకంపితములైనవి. అట్టి దినములలో ప్రతి వీధి అరుగుమీదను ఒకే ప్రశ్న వినవచ్చును. కాలువ పూడిక తీయించిరా? తీయించినచో గుత్త యెవరికిచ్చిరి? ఎంత సొమ్ము వ్రాసిరి? ప్రశ్న సమంజసమైనదే. కాని దాని నడుగవలసిన కాలము వానకు ముందు. అడుగవలసిన స్థలము పురపాలకసంఘ సమావేశము. ఆ సమావేశ మే దినమున జరిగినదో, అందేమి నిర్ణయింపబడినదో కాలువ యొడ్డున గాపురముండు గృహస్థునకు తెలియదు. తెలియజేయువారును లేరు.

మన పట్టణవాసికి ఢిల్లీ సంగతులు తెలియును. అమరావతిలో నే మంత్రి యేమనెనో గడియకొకమారు సెల్‌ఫోనులో తెలియును. తన వీధిదీప మెందుకు వెలుగదో, తన యింటిపన్ను ఏ తీర్మానముచే పెరిగినదో మాత్రము తెలియదు. ఇది ప్రజల నిర్లక్ష్యమని కొందరు పెద్దమనుష్యులు సులభముగ తేల్చివేయుచున్నారు. మేమంగీకరింపము. తెలిసికొనుటకు దారి లేనిచోట తెలిసికొనలేదని నిందించుట న్యాయము కాదు.

1992లో పార్లమెంటు ఆమోదించి, 1993లో అమలులోనికి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణములను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారికి ఒక వింత గోచరించును. పల్లెవానికి గ్రామసభ గలదు. ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతివాడును దానికి సభ్యుడే. ఎన్నిక యక్కరలేదు, ఒకరి సిఫారసు అక్కరలేదు. మహానంది మండలములోని యే పల్లెరైతైనను ఆ సభలో లేచి నిలిచి సర్పంచిని లెక్క యడుగవచ్చును. పట్టణమున కట్టి సభను రాజ్యాంగము విధింపలేదు. దానికి మారుగ వార్డు సంఘములను పేర్కొన్నది గాని, మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములందు మాత్రమే వాని నేర్పరచి తీరవలెనని నియమించినది. 2011 జనాభా లెక్కలలో నంద్యాల రెండు లక్షలచిల్లర. ఆళ్లగడ్డ అంతకు నెంతయో చిన్నది. ఇట్టి పట్టణముల సంగతి రాష్ట్ర శాసనసభల యిష్టమునకు విడువబడినది. పల్లెనుండి తరలివచ్చి నంద్యాలలో నిల్లు గట్టుకొన్నవాడు కొళాయిని, మురుగుకాలువను సంపాదించుకొని, నోరు పోగొట్టుకొన్నాడన్నమాట.

గ్రామసభ లన్నియు సలక్షణముగ నడచుచున్నవని మా భావము కాదు. పదిమంది చేరి, పుస్తకములో సంతకములు జేసి లేచిపోవుట మన మెరుగనిది గాదు. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు ముగిసి, 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరుగువరకు ప్రత్యేకాధికారుల పాలనయే నడచినది. సర్పంచియే లేని కాలమున లెక్క చెప్పువా రెవరు? అయినను 2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో నొక్కదినమే గ్రామసభలు జరిపి, ఉపాధిహామీ క్రింద నే పనులు కావలయునో ఊరివారి ముందుంచిరి. అది ప్రభుత్వపు టుత్సవమని యెవరైన నెత్తిపొడిచిన పొడువవచ్చును. చట్టమున ఆ సభయే లేకున్న ఆ యుత్సవమైనను జరుగకుండెడిది. పట్టణములం దట్టి దినమొకటి వచ్చినదా?

ఇక పురసభకు వెళ్లి ప్రేక్షకులుగ గూర్చుండుట మన మరచిన హక్కు. మన ప్రాంతమున కమలులో నుండిన 1920 నాటి మద్రాసు పురపాలక చట్టములోనే, సమావేశములు సామాన్యముగ ప్రజలకు తెరచియుండవలెనను నియమము గలదు. బయటకు బొమ్మనినచో కారణము పుస్తకములో వ్రాయవలయును. తెల్లవారి దేశమున నీ హక్కు మనకంటె వెనుకబడి వచ్చినది. వేల్సులో సముద్రతీరమున టెన్బీ యను చిన్న పట్టణము గలదు. అచ్చటి పత్రికాసంపాదకుడు మేసను అనునాతడు సభకు వచ్చి వ్రాయుచుండుట సభ్యులకు గిట్టలేదు. వ్యాజ్యము పైకోర్టు వరకు బోయి, సభలో గూర్చుండు హక్కు ప్రజలకుగాని పత్రికలకుగాని లేదని 1908లో తీర్పయ్యెను. ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టము జేసి పత్రికలవారికి ప్రవేశము కల్పించినది. సామాన్య ప్రజల కది 1960లో గాని రాలేదు. ఆ బిల్లును దెచ్చినది నూతనముగ సభకు వచ్చిన మార్గరెట్ థాచరు. న్యాయవాదవృత్తిలో నున్నవార మగుటచే మాకీ వ్యాజ్యముపై నింత మమకారము. పాఠకులు మన్నింతురు గాక.

అదే 1908లో మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకై కారాగారమునకు బోయిరి. అటుపిమ్మట నాయన గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును ఎంత పాటుపడిరో ఈ సీమవారికి జెప్పనక్కరలేదు. పఠనమందిరము కాలక్షేపపు చావడి యని ఆయన తలపలేదు.

2005 నాటి సమాచారహక్కు చట్టము మనకున్నదిగదా యని కొందరనవచ్చును. ఉన్నది. దాని నాల్గవ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వసంస్థయు తన కౌన్సిళ్లు, కమిటీలు ఏవియో, వాని సమావేశములు ప్రజలకు తెరచియున్నవో లేవో, వాని తీర్మానములను ప్రజలు చూడవచ్చునో లేదో ఎవరు నడుగకయే ప్రకటింపవలయును, స్థానికభాషను గమనింపవలయును. అడుగదలచినవారికి మన రాష్ట్రపు నిబంధనలలో గ్రామస్థాయిని రుసుము లేదు, మండలస్థాయిని 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబునకు ముప్పది దినముల గడువు. మంచిదే. కాని యా ముప్పది దినములలో కాలువ గుత్త ముగిసి, బిల్లు చెల్లింపబడి, ఫైలు బీరువాలో బడును. పంచాయతీ లెక్కలకై 2020 ఏప్రిలులో ‘ఈ-గ్రామస్వరాజ్’ అను వెబ్‌సైటు వెలసినది. అందు అంకెలు గలవు, గడులు గలవు. ముసలిరైతు వానిని విప్పి చదువునా? వెబ్‌సైటులో నుంచుట వేరు, చెప్పుట వేరు.

పత్రికల మాట. పురసభలో కుర్చీలు లేచిన దినమున ఫోటోతో సహా వచ్చును. కొళాయిరుసుము సద్దు లేక పెరిగిన దినమున రెండు పంక్తులు. ఫోను వదంతులు మరొక ఉపద్రవము. 2024 జూనులో మహానంది పరిసరములందు చిరుతపులి సంచరించినది. అట్టి వేళల అటవీశాఖవారి మాట యేదో, పొరుగువాని యూహ యేదో విడదీసి చెప్పువాడు కావలయును. దండోరా వేయువాడు వీధి మొగదల నిలిచి చాటిన మాటకు గ్రామాధికారి పూచీ యుండెడిది. ఫోనులో బయలుదేరిన మాటకు పూచీపడువా డెవడు?

ఇంటిపన్ను రశీదు నొకమారు విప్పి చూడుడు. పన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది. 2,000 రూపాయల పన్నుగట్టువాడు 160 రూపాయలు దానికై యిచ్చుచున్నాడు. పఠనమందిరము మరియొకరి దయాధర్మము గాదు. మన సొమ్ముతో నడచునది. మేము కోరునది స్వల్పము. సమావేశమునకు వారము ముందు ఎజెండా, ముగిసిన వారములోపల తీర్మానములు, శుద్ధమైన తెలుగున, శాఖాగ్రంథాలయపు బల్లపై నొక ప్రతి, వార్డు సచివాలయపు గోడపై నొక ప్రతి యుండవలయును. పనికి అంచనా యెంత, గుత్తదారు డెవరు, ఎన్నడు ముగియవలయును, ఇవి చాలును. పాలకవర్గమున్నను, గడువు ముగిసి ప్రత్యేకాధికారియే యున్నను ఈ నియమము మారరాదు; అధికారి యొక్కడే యున్నప్పుడే దీని యవసర మెక్కువ. ఆ బల్లమీదనే ఏ పేటకు నీరు ఏ వేళ వదలుదురో, శివరాత్రికి మహానంది బస్సు లెట్లు నడచునో, బడులలో చేర్పులెప్పుడో వ్రాసి యుంచినచో చదువరు లింకను పెరుగుదురు.

ఎవరు చదువుదురని అధికారులు నవ్వుదురేమో. ఆళ్లగడ్డ శిల్పి తన పనిపాకకు రాళ్లబండి వచ్చు దారిని గూర్చిన తీర్మానము చదువడా? చామకాలువ యొడ్డు ఇల్లాలు పూడికతీత తేదీని చదువించుకొని వినదా? ఎవరి సందు పేరు వారికి కంటబడును.

ప్రభుత్వపు టుత్తరువు వచ్చువరకు ఆగనక్కరలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ పఠనమందిరములకు వచ్చు పాఠకులు పదిమంది సంతకములతో పురపాలక కమిషనరుగారికి విన్నపము వ్రాయవచ్చును. నెలకిద్దరు వంతులవారీగ సమావేశమునకు బోయి, వెనుక వరుసలో గూర్చుండి, విన్నది వ్రాసి తేవచ్చును. యువక న్యాయవాదులు ఇందుకు ముందుకు రావలయునని మా కోరిక. గ్రంథాలయపు బల్లపై నెలకొక ఫైలు, దానిపై నెల పేరు, సంవత్సరము వ్రాసి పెట్టవలయును. కాగితములు వచ్చినచో అందుంచుడు. రాకున్నచో ఆ ఖాళీ ఫైలు నట్లే, నెల పేరు పైకి కనబడునట్లు, వచ్చిపోవువారి కెదురుగ నుంచుడు.