నడుముకు తన్ను, మెడకు విరుపు

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకోవడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. మెడ పట్టేస్తే తలగడను ఎండలో వేస్తారు. బెణుకుకు మంత్రం వేసేవారు, నొప్పి ఉన్నచోట కాల్చి వాతలు పెట్టేవారు వేరే. "తన్నించుకున్నాక మూడు రోజుల్లో పోయింది" అని చెప్పేవారు అబద్ధమాడటం లేదు. నొప్పి నిజంగానే పోయింది. అది తన్ను వల్ల పోయిందా, తన్నకపోయినా పోయేదా అన్నదే తేలాలి.

హఠాత్తుగా వచ్చే నడుము నొప్పుల్లో అధికభాగానికి ఫలానా ఎముక, ఫలానా నరం కారణమని వేలుపెట్టి చూపడం సాధ్యం కాదు. వాటిలో చాలావరకు ఆరు వారాల్లోపు బాగా తగ్గుతాయి. మెడ పట్టు అయితే కొద్ది రోజుల్లోనే వదులుతుంది. పైగా మనిషి వైద్యం కోసం పరిగెత్తేది నొప్పి భరించలేని స్థాయికి చేరినప్పుడు. అక్కడి నుంచి అది సాధారణంగా దిగుముఖమే పడుతుంది. ఆ సమయంలో ఎవరు చేయి వేస్తే, లేదా కాలు వేస్తే, పేరు వారికి దక్కుతుంది. ఎదురుకాళ్ల బిడ్డలను ఇప్పుడు చాలావరకు సిజేరియన్ చేసే తీస్తున్నారు. తన్నేవారు కరువైనా నడుము నొప్పులు మాత్రం ఎప్పటిలాగే తగ్గుతున్నాయి.

ఈ పొరపాటు చదువురానివారి సొత్తు కాదు. నొప్పి మొదలైన వారానికే ఎమ్మారై తీయించి, "డిస్క్ జారింది" అన్న రిపోర్టును జాతకంలా మోసుకుతిరిగేవారు నగరాల్లో కొల్లలు. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా మందిలో ఏదో ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించింది. వయసుతో తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. స్కానులో కనిపించిన మార్పే నొప్పికి మూలమనడానికి, రోగి చెప్పే లక్షణాలు, వైద్యుడు చేసే పరీక్ష దానితో సరిపోవాలి.

తన్నునైనా మాత్రనైనా తూచే పద్ధతి ఒక్కటే: వైద్యం పొందినవారిని పొందనివారితో, లేదా ఉత్తుత్తి వైద్యం పొందినవారితో పోల్చడం. 2007లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో దీర్ఘకాల నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు జట్లు చేశారు. శాస్త్రం చెప్పిన బిందువుల్లో ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చితే 47.6 శాతం మందికి మేలు కనిపించింది. ఆ బిందువులు కానిచోట పైపైన గుచ్చినా 44.2 శాతానికి కనిపించింది. మామూలు వైద్యంలో అది 27.4 శాతమే. అంటే బిందువుల సిద్ధాంతం నిలవలేదు; శ్రద్ధగా జరిపిన తంతుకు మాత్రం ఫలితం ఉంది. తన్నుకూ అలాంటి ఉపశమనం కొంత ఉండవచ్చు, దానికి ఎదురుకాళ్ల పుట్టుక అక్కర్లేదు. ఇదే తూకంలో పారాసెటమాల్ కూడా 2014లో తేలిపోయింది: కొత్తగా వచ్చిన నడుము నొప్పిలో ఉత్తుత్తి మాత్ర కంటే త్వరగా నయం చేయలేకపోయింది. మంచం దిగకూడదన్న పాత వైద్య సలహాకూ కాలం చెల్లింది. ఓపిక ఉన్నంతలో తిరుగుతూ, రోజువారీ పనులు చేసుకునేవారే ముందు కోలుకుంటారు. నిలిచిపోయిన నొప్పికి వ్యాయామం, ఫిజియోథెరపీ ఓ మోస్తరు మేలు చేస్తాయి. బెల్టులకు, ట్రాక్షన్‌కు ఉన్న ఆధారం పలుచన.

ఆపరేషన్ విషయంలో రెండు నమ్మకాలు ఎదురెదురుగా నిలుస్తాయి. కత్తి పడితే కాళ్లు పడిపోతాయన్న భయం ఒకటి, కోసి తీసేస్తే పీడ వదులుతుందన్న ధీమా మరొకటి. జారిన డిస్కే సయాటికాకు, అంటే నడుము నుంచి కాలికి పాకే నొప్పికి, కారణమని, దాన్ని తొలగించవచ్చని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ చూపించారు. అయితే బయటికి చొచ్చుకొచ్చిన డిస్క్ ముక్కను చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. 2007లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనంలో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేసి, మిగిలినవారిని ఆగి చూడమన్నారు. ఆపరేషన్ అయినవారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్ల పరిస్థితీ దాదాపు ఒకటే. ఆగినవారిలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్నదీ నిజమే. ఇక కూలిన వెన్నుపూసలో సిమెంటు నింపే పద్ధతిని, ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చిన రెండు పరీక్షలు 2009లో వెలువడ్డాయి. నొప్పి తగ్గడంలో తేడా కనిపించలేదు. సర్జన్ చేతిలోనూ తంతు ఉంటుంది!

కానీ కొన్ని చోట్ల నిరీక్షణే ప్రమాదం. మూత్రం బిగుసుకుపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం నరాల గుత్తి నలిగిందనడానికి గుర్తులు. అత్యవసరంగా ఆపరేషన్ చేయకపోతే నష్టం శాశ్వతం కావచ్చు. పాదం వాలిపోతుంటే, కాలి బలం రోజురోజుకూ తగ్గుతుంటే ఆలస్యం పనికిరాదు. జ్వరం, బరువు తగ్గడంతో కూడిన నడుము నొప్పి మన దేశంలో వెన్నుపూస క్షయ కావచ్చు. దానికి ప్రధాన వైద్యం నెలల తరబడి మందులే; గూని వచ్చేదాకా, కాళ్లు చచ్చుబడేదాకా మంత్రాలతో గడిపితే మందులొక్కటే చాలకపోవచ్చు. గుల్లబారిన ఎముకల మీద పడే తన్ను వెన్నుపూసను కూల్చగలదు.

మెడ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్షౌరశాలలో తల పట్టి గిరుక్కున తిప్పి మెడ విరిపించుకోవడం చాలామందికి అలవాటు. ఆ కుదుపుకు మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి పొర చిరిగి, పక్షవాతం రావడం అరుదే కానీ వైద్యులకు కొత్త కాదు. మెడలో వెన్నుపాము నలిగినవారికి మొదట నొప్పే ఉండకపోవచ్చు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతుంది, నడక తూలుతుంది. ఇంట్లోవారు వయసు మీదపడిందనుకుంటారు. ఇలా క్షీణిస్తున్నవారికి ఆపరేషన్ చేసేది ముఖ్యంగా నష్టం ముదరకుండా ఆపడానికి. అప్పటికే పోయిన బలమంతా తిరిగి రాకపోవచ్చు.