ప్రస్తుతానికి ఇక్కడే

శ్రావణంలో ఒక పెళ్లికి వెళ్లాను. రెండో బంతి. ఆకులో గుత్తివంకాయ పడిందో లేదో, ఎదుటి వరసలోని పెద్దాయన మా దూరపు చుట్టం ఒకావిణ్ణి పలకరించారు. "ఏమ్మా, మీవాడు ఎక్కడ సెటిలయ్యాడు?"

ఆవిడ ఆకులోకి చూస్తూ అంది: "ప్రస్తుతానికి ఇక్కడే ఉన్నాడు బాబాయ్ గారూ. చూస్తున్నాడు."

ఏం చూస్తున్నాడో చెప్పలేదు. నాకు తెలుసు. గచ్చిబౌలిలో ఆరేళ్లు చేసిన ఉద్యోగం మానేసి, కడియపులంకలో చిన్న నర్సరీ పెట్టుకున్నాడు. ఆ మధ్య రాజమండ్రి వెళ్లినప్పుడు చూసొచ్చాను. పీట మీద కూర్చుని మామిడికి అంటు కడుతున్నాడు. టెంక మొక్క తల కోసి, నడిమికి చీల్చి, అందులో బంగినపల్లి పుల్లను చెక్కి దించాడు. ప్లాస్టిక్ పట్టీ బిగించి కడుతున్నంతసేపూ పలకలేదు. కట్టేశాక, "ఇరవై రోజుల్లో చిగురేస్తే బతికినట్టే పెదనాన్నా" అని నవ్వాడు. అప్పుడే వాళ్లమ్మ క్యారేజీ పట్టుకొచ్చింది. "హాస్టల్ తిండితో ఎండిపోయాడు బావగారూ. ఇప్పుడు రెండు పూటలా నా చేతి ముద్దే" అంటుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఆ ముఖం పెళ్లిలో లేదు. పిల్లాడి కష్టాన్ని నలుగురిలో దాచే తల్లుల్ని చూశాను. సుఖాన్ని కూడా దాచుకోవాల్సి రావడమే నాకు మింగుడుపడలేదు.

ఈ 'సెటిల్' అనే మాట ఇంగ్లీషులో ఎలా ఉన్నా, మన దగ్గర దానికి అంతు లేదు. ఉద్యోగం, పెళ్లి, ఫ్లాటు, పిల్లలు, ఆ పిల్లలకి మళ్లీ సీటు. (భూతగాదాల్లో రౌడీలు చేసే సెటిల్‌మెంటైనా ఒక రోజుకి తెగుతుంది.)

ప్రపంచ సంతోష నివేదికలో 2025లో మనకొచ్చింది 147 దేశాల్లో 118వ స్థానం. ర్యాంకు సంగతి వదిలేయండి, అందులో అడిగే ప్రశ్న బాగుంటుంది. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఒకటి ఊహించుకోమంటారు. పదో మెట్టు మీకు దక్కగల అత్యుత్తమ జీవితం. ఇప్పుడు ఏ మెట్టు మీదున్నారు? అంతే. ఆ 'మీకు' అన్న మాట దగ్గరే మనం తడబడతాం. మన పదో మెట్టు మీద ఎప్పుడూ తోడల్లుడి కొడుకే నిలబడి ఉంటాడు.

అందర్నీ ఉద్యోగాలు మానేసి మొక్కలు పెంచమనడం లేదు. గచ్చిబౌలి పనినే ప్రేమించేవాళ్లు బోలెడంతమంది. కుర్రాడికీ బెంగలున్నాయి. రాబడి సగానికి పైగా తగ్గింది, గాలివాన వస్తే కట్టిన అంట్లు నేలపాలు. అయినా ఆ లెక్క వాడు వేసుకున్నాడు, వేసుకునే దిగాడు. మనం వెయ్యనిది వాళ్లమ్మ లెక్క. ప్రతి పెళ్లిలోనూ జవాబు చెప్పాల్సింది ఆవిడ కదా. నేనేం తక్కువ తినలేదు, పోయిన వారమే ఒకరింట్లో కాఫీ తాగుతూ అదే ప్రశ్న అడిగి వచ్చాను.

పెరుగన్నంలోకి వచ్చేసరికి పెద్దాయన మళ్లీ అందుకున్నారు. "పెరట్లో మామిడి వెయ్యాలమ్మా. మీ వైపు మంచి అంటు ఎక్కడ దొరుకుతుంది?"

ఆవిడ చప్పున తలెత్తి ఫోన్ నెంబరు చెప్పింది. ఎవరిదో మాత్రం చెప్పలేదు.